ఊ కొట్టనివ్వని ఆంటీ

పోయిన శనివారం మా పెద్దదానికి డ్రైవింగ్ నేర్పిస్తున్నాను. పర్మిట్ చేతికొచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఎవరి మాటా వినట్లేదు. అరిజోనాలో మా చాండ్లర్ ఊరి రోడ్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టుంటాయి కాబట్టి ఇక్కడ కారు నేర్చుకోవడం పెద్ద విద్యేం కాదు. "నెక్స్ట్ సిగ్నల్ దగ్గర లెఫ్ట్ తీసుకో, ముందే లేన్ మారు" అన్నాను. "ఊ" అంది. సిగ్నల్ వచ్చింది, పోయింది. మా తల్లి మాత్రం తిన్నగా పోనిచ్చింది. తిడదామని నోరు తెరిచాను గానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నేనేం చెప్పిన? తిరిగి చెప్పు."

అది నా మాట కాదు, ఆంటీ మాట. ఆవిడ పోయి ఏడాది దాటింది. పిల్ల నా వంక అదోలా చూసి, "వాట్ హ్యాపెన్డ్ డాడీ, ఎందుకు ఏడుస్తున్నవ్?" అంది. ఏసీ గాలి కళ్లలోకి కొడుతోందన్నాను.

ఆవిడకి పేరుంది. నేనెప్పుడూ ఆంటీ అనే పిలిచాను, ఇక్కడా అదే చాలు.

నలభై దాటాక మగవాడికి ఏదో ఒక పిచ్చి పడుతుంది. కొందరు మారథాన్ అంటారు, కొందరు పెరట్లో పెద్ద బార్బెక్యూ పొయ్యి పెడతారు. నాకు విమానం నడపాలని పుట్టింది. చిప్‌లు చేసే ఫ్యాక్టరీలో పని నాది. పొద్దంతా తెల్ల సూటు, మాస్కు, కిటికీల్లేని గది. లంచ్‌కి బయటికొస్తే నెత్తిమీద చిన్న చిన్న విమానాలు చక్కర్లు కొడుతూ కనిపించేవి. మా ఆవిడతో చెబితే, "కారు రివర్స్ చేసి గరాజ్‌ల పెట్టరాదు గానీ, విమానం దించుతడంట" అంది. ఆ మాటకి పౌరుషమొచ్చి ఫ్లయింగ్ స్కూల్లో చేరాను.

మొదటి శనివారం క్లాసు. పుస్తకం తెరవగానే పిచ్, రోల్, యా. "యా ఏందిర నాయనా" అని గొణుక్కున్నాను. వెనకనుంచి అచ్చమైన గోదావరి తెలుగు వినపడింది.

"విమానం ముక్కుని కుడికీ ఎడమకీ తిప్పడమబ్బాయ్. వద్దు అని తల అడ్డంగా ఊపుతావు చూడు, అది యా. అవునని పైకీ కిందకీ ఊపితే పిచ్. మనవాళ్లు అవునో కాదో తేల్చకుండా అటూ ఇటూ వాలుస్తారే, అది రోల్. నీకు రోల్ బాగానే వచ్చు, ఇందాకటి నుంచీ చూస్తున్నాను."

డెబ్బై దాటిన మనిషి. కత్తిరించిన తెల్ల జుట్టు, ప్యాంటూ పొడుగు చేతుల చొక్కా, నుదుట ఆవగింజంత బొట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. విమానాలకి దారి చూపే పరికరాలు చేసే కంపెనీలో ముప్పై ఏళ్లకి పైగా పనిచేసి రిటైరైంది. తనూ విమానం నడిపేది. గుండెలో ఏదో తేడా వచ్చాక డాక్టర్లు ఇక వద్దన్నారు. అప్పట్నుంచీ శనివారాలు వచ్చి మాలాంటి మొద్దులకి పాఠం చెప్పేది. భర్త పోయారు, పిల్లల్లేరు. అంతకు మించి ఆవిడ చెప్పలేదు, నేనడగలేదు.

క్లాసు చాలక ఆదివారాలు ఇంటికి రమ్మంది. అక్కడ డైనింగ్ టేబుల్ మీద గుడ్డ లేదు, అద్దం కింద అరిజోనా విమాన పటం పరిచి ఉండేది. దానిమీదే భోజనం, దానిమీదే పాఠం. ఒకసారి నేను సాంబారు ఒలికిస్తే, "టూసాన్ మునిగింది" అని తుడిచింది. దిక్కులు కూడా పైలట్ల లెక్కలోనే చెప్పేది. ఎదురుగా ఉన్నది పన్నెండు గంటలు, కుడిచేతి వైపుది మూడు గంటలు. "ఆవకాయ నీకు రెండు గంటల మీద ఉంది, అందుకో" అనేది. మా చిన్నది ఒకరోజు నిజంగానే గోడ గడియారం వైపు చూసి వెతికింది.

ఇల్లు దాటేటప్పుడు తలుపు మీద అంటించిన కాగితం వేలు పెట్టి పైకి చదివేది. గ్యాస్, గరాజ్ తలుపు, కళ్లజోడు, తాళం. నాలుగంటే నాలుగే. "ఇవి కూడా యాదికుండవా ఆంటీ?" అన్నాను. "గుర్తుంటాయనుకున్నవాడే మర్చిపోతాడు. గుర్తుండవని తెలిసినవాడు చదువుకుంటాడు" అంది. తర్వాత కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నాలుగు చక్రాలూ చేత్తో తట్టి కూర్చునేది. ఇండియన్ స్టోర్‌కి పోవడానికి కూడా అంతే.

ఆవిడ ఒంటికి పడని మాట ఒక్కటే ఉంది. ఊ.

విమానాశ్రయం టవర్‌లో కూర్చుని విమానాలకి దారి చెప్పేవాళ్లు ఏది చెప్పినా పైలట్ దాన్ని వాళ్లకే తిరిగి చెప్పాలి. ఎంత ఎత్తు, ఎటు తిరగాలి, ఏ రన్‌వే. వాళ్లు సరిపోయిందన్నాకే ముందుకి. రీడ్‌బ్యాక్ అంటారు. ఆకాశంలో ఉన్న ఈ పద్ధతిని ఆవిడ నేలమీదకి దించింది. స్టోర్‌లో ములక్కాడలు ఎప్పుడొస్తాయని అడిగి, కౌంటర్‌లో అతను "ఊ మేడమ్, వస్తయ్ వస్తయ్" అంటే వదిలేది కాదు. "ఏ రోజు వస్తాయన్నావు? నేనేం అడిగాను? చెప్పు." గుళ్లో పంతులుగారు కూడా ఆవిణ్ని చూడగానే అడక్కుండానే, "హారతి ఆరున్నరకమ్మా, ఆరున్నర" అని రెండుసార్లు చెప్పేవారు.

"ఊ అంటే తప్పేముంది ఆంటీ? ఇంటున్నం అని" అన్నాను ఒకసారి.

"కథకి ఊ కొట్టు, బాగుంటుంది. మా అమ్మమ్మ కథ చెబుతుంటే నేనూ కొట్టేదాన్ని. ఊ ఆగిందంటే పిల్ల నిద్రపోయిందని కథ ఆపేసేది. అది దాని ఉపయోగం. విమానానికి ఊ కొట్టకు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడేవాడి మాట అది."

తగిలింది. ఎందుకంటే నేను అదే బాపతు. చిన్నప్పుడు లెక్కల సార్ బెత్తానికి భయపడి ఊ అన్నవాణ్ని, ఇక్కడ మేనేజర్‌కి భయపడి "సౌండ్స్ గుడ్" అంటున్నాను. మీటింగ్‌లో సగం అర్థం కాకపోయినా తల ఊపుతాను, తర్వాత డెస్క్ దగ్గర కూర్చుని తంటాలు పడతాను. తెలియదు అన్న మాట నా నోట రావాలంటే ప్రాణం మీదకి రావాలి. ఇది ఆవిడ మొదటి నెలలోనే కనిపెట్టేసింది.

పాఠం మాత్రం ఎంత బాగా చెప్పేదో. "మా రేవులో పడవవాడు ఎదురు రేవుకి సూటిగా ముక్కు పెట్టడు. ఎగువకి పెడతాడు. నీళ్లు కిందకి లాగుతాయని వాడికి తెలుసు. ముక్కు ఎటుందో అది హెడింగ్. పడవ నిజంగా పోయిన దారి ట్రాక్. విమానానికి నీళ్ల బదులు గాలి, అంతే తేడా. మనుషుల్ని కూడా ముక్కు ఎటుందో చూసి నమ్మకు, ట్రాక్ చూడు." స్టాల్ గురించి చెబుతూ, "ఇంజన్ ఆగడం కాదది. ముక్కు అదే పనిగా ఎత్తుకుంటూ పోతే రెక్క గాలిమీద పట్టు వదిలేస్తుంది. ముక్కు ఎత్తితే పైకి పోతామనుకోవడం మనుషుల జబ్బు. పడిపోతున్నప్పుడు ముక్కు దించాలి" అనేది.

ఒక ఆదివారం దిక్సూచి పాఠం. మ్యాప్ ఉత్తరం వేరు, ముల్లు చూపించే ఉత్తరం వేరు. మా అరిజోనాలో ముల్లు పది డిగ్రీలు తూర్పుకి జరిగి ఉంటుంది. కాబట్టి మ్యాప్ మీద కొలిచిన కోణంలోంచి ఆ పదీ తీసేసి నడపాలి. ఆవిడ చెబుతుంటే నా ఫోన్‌కి ఆఫీస్ మెసేజ్ వచ్చింది. ఊ, ఊ అంటూనే దాన్ని చదివాను.

"తీసేయాలన్నానా, కలపాలన్నానా?" అంది.

"అదే ఆంటీ, మీరు చెప్పినట్టే."

నా మొహం వంక కాసేపు చూసింది. మామూలుగా అయితే వదలదు. ఆరోజు వదిలేసింది. "సరే, వచ్చే వారం ప్రయాణం ప్లాన్ నువ్వే వెయ్యి. ఇన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చేముందు నాకు చూపించు" అంది. వేశాను. పడమరగా యాభై మైళ్ల దూరంలో చిన్న ఊరు, దాని పక్కన రన్‌వే. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందదాకా చదివి, "చేతిరాత బాగుంది" అని ఇచ్చేసింది. నేను పొంగిపోయాను.

నా ఇన్‌స్ట్రక్టర్ యాభై ఏళ్ల అమెరికన్, మాటకి డబ్బులవుతాయన్నట్టు ఉండేవాడు. ఎక్కగానే నా టాబ్లెట్ తీసుకుని తన బ్యాగ్‌లో పెట్టేసుకున్నాడు. మ్యాప్, గడియారం, దిక్సూచి, అంతే. నేను వేసుకున్న అంకె పట్టుకుని విమానాన్ని గీత మీద నడిపినట్టు నడిపాను. పావుగంటకి కింద రావలసిన హైవే రాలేదు. పర్లేదు, వస్తుందిలే అనుకున్నాను.

"హౌ ఆర్ వి డూయింగ్?" అన్నాడు.

"వి ఆర్ గుడ్" అన్నాను.

ఇంకో పది నిమిషాలు. కింద ఊరుండాల్సిన చోట బోడి కొండలు. మ్యాప్ తిప్పి చూశాను, మళ్లీ తిప్పాను. ఏసీ లేని విమానం, చొక్కా తడిసి వీపుకి అతుక్కుంది. మళ్లీ అడిగాడు. ఆల్మోస్ట్ దేర్, వి ఆర్ గుడ్ అన్నాను. ఆ కొండల్లో ఒకదానికి మ్యాప్‌లో ఉన్న ఏదో పేరు కూడా పెట్టేశాను. అబద్ధం ఆడుతున్నానని తెలుసు. పక్కన మనిషి ఉన్నాడు, అడిగితే చెబుతాడు, ఆ సంగతీ తెలుసు. అయినా అడగలేదు. మూడోసారి అడిగినప్పుడు కూడా వి ఆర్ గుడ్ అనే అన్నాను.

అప్పుడతను చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా ఒళ్లో పెట్టాడు. మూడోసారి ఆ మాట అన్నాక నీకిమ్మంది మీ టీచర్ అన్నాడు. విప్పితే గుండ్రటి తెలుగు అక్షరాలు.

"ఎక్కడున్నావో తెలియదని చెప్పబ్బాయ్. దారి దానంతటదే దొరుకుతుంది."

"వాట్ డజ్ ఇట్ సే?" అన్నాడు. పాపం ఆ కాగితం జేబులో మోసుకొచ్చాడే గానీ అతనికి ఒక్క అక్షరం తెలియదు. నేను ఇంగ్లీషులో చెప్పాలి. గొంతు సవరించుకుని, "ఇట్ సేస్... ఐ డోంట్ నో వేర్ ఐ యామ్" అన్నాను.

"ఓకే" అన్నాడు, తాపీగా. "నౌ వి కెన్ ఫిక్స్ ఇట్."

తీసేయాల్సిన పదిని కలిపాను. ఇరవై డిగ్రీల తేడా. ఆ వేగానికి పదిహేను మైళ్లకి పైగా పక్కకి పోయాం. సాయంత్రం తిన్నగా ఆంటీ ఇంటికి పోయి మండిపడ్డాను. "కాగితం మీద తప్పు చూసి కూడా చెప్పలే మీరు!"

ఆవిడ మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టింది. "చెబితే ఏమనేవాడివి?"

ఊ అనేవాణ్ని. ఇద్దరికీ తెలుసు.

ఏడాదికి నాకు లైసెన్స్ వచ్చింది. మొదట ఎక్కించుకున్నది ఆవిణ్నే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆ తర్వాతి చలికాలం ఆవిడ జబ్బు ముదిరింది. డాక్టర్ దగ్గరికి నన్ను తోడు రమ్మంది. ఆ డాక్టరమ్మ మంచిదే, మెత్తగా చుట్టూ తిప్పి తిప్పి ఏదో చెప్పింది. నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఆంటీ మాత్రం అంతా విని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఇంగ్లీషులో తిరిగి చెప్పింది. "మందు పనిచేయడం ఆగిపోయింది. ఇంకా వాడితే నీరసం తప్ప లాభం లేదు. ఉన్నది కొన్ని నెలలు, అంతకన్నా తక్కువ కూడా కావచ్చు. కరెక్టేనా?" డాక్టరమ్మ, దట్స్ కరెక్ట్ అంది. బయటికొచ్చాక కారు చక్రాలు నాలుగూ తట్టి కూర్చుంది ఆంటీ.

మర్నాడు టేబుల్ మీద, ఆ పటం మీదే, ఒక ఫారం పెట్టింది. మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ. తను మాట్లాడలేని పరిస్థితి వస్తే తన బదులు మాట్లాడే మనిషి పేరు రాయాలి. నా పేరు రాసి ఉంది.

"విను. గొంతులో గొట్టం వెయ్యొద్దు. మిషన్ మీద ఉంచొద్దు. నన్ను ఇంటికి తెచ్చి ఈ కిటికీ పక్కన పడుకోబెట్టండి. ఇక్కణ్నుంచి విమానాలు దిగడం కనిపిస్తుంది."

"ఊ... గవన్నీ ఇప్పుడెందుకాంటీ, మీరు మంచిగైతరు."

"నేనేం చెప్పాను?"

అమ్మ లాంటి మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే ఆ మాటలు నేనెట్లా చెప్పేది? రెండు నిమిషాలు చూసి ఫారం మడిచేసింది. "తిరిగి చెప్పలేనివాడు అక్కడ నిలబడి ఏం చెబుతాడు? ఇంటికి పోయి ఆలోచించుకో" అంది. కోపం లేదు గొంతులో.

మూడు రోజులు అటువైపు పోలేదు. మా ఆవిడే కదిలించింది. "ఆమెకు ఊర్ల తెలిసినోళ్లు లేకనా? నిన్నే అడిగింది. చాతకాకపోతే కాదని చెప్పు, ఇంకొకరిని చూసుకుంటది. ఊ అని మాత్రం రాకు." పోయాను. గుమ్మంలోనే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా చెప్పాను. గొట్టం వద్దు. మిషన్ వద్దు. ఇంటికి, కిటికీ పక్కకి.

"రీడ్‌బ్యాక్ కరెక్ట్" అంది. "రా, అన్నం తిను."

ఫిబ్రవరిలో ఒక పొద్దున పక్కింటావిడ ఆంటీ ఊపిరాడక పడిపోవడం చూసి అంబులెన్స్ పిలిచింది. ఆ తల్లి తప్పేం లేదు, ఎవరైనా అదే చేస్తారు. నేను ఆవిడ సంతకం పెట్టిచ్చిన ఆ ఫారం పట్టుకుని ఎమర్జెన్సీకి చేరేసరికి ఆవిడకి స్పృహ లేదు. చుట్టూ నలుగురైదుగురు. ఒక డాక్టర్ నా వైపు తిరిగి గబగబా చెప్పాడు. ఆక్సిజన్ పడిపోతోంది, ట్యూబ్ వేస్తున్నాం, మీరే కదా ఆవిడ తరఫున, ఓకే కదా?

నేను తల ఊపాను.

నలభై ఏళ్ల అలవాటు, మెడ దానంతటదే ఊగింది. ఆయన అటు తిరిగి ఏదో అన్నాడు, ఒక నర్స్ గొట్టం డబ్బా విప్పింది. ఆ చప్పుడికి తెలివొచ్చింది నాకు.

"స్టాప్" అన్నాను. అందరూ చూశారు. "ఐ నాడెడ్. ఐ డిడ్ నాట్ మీన్ ఎస్."

కాగితం చేతికిచ్చి చెప్పాను. నో ట్యూబ్. నో మిషన్. ఆవిణ్ని ఇంటికి తీసుకెళ్లాలి. డాక్టర్ కాగితం చూశాడు, నన్ను చూశాడు. రోగి కోరింది ఇదేనా అని ఒకటికి రెండుసార్లు అడగడం ఆయన పద్ధతి కాబోలు, నేను చెప్పిన మూడు మాటలూ వరసగా నాకే తిరిగి చెప్పి, "ఈజ్ దట్ కరెక్ట్?" అన్నాడు.

"దట్స్ కరెక్ట్" అన్నాను.

గొట్టం లేకుండా ముక్కుకి గాలి పెడితేనే సాయంత్రానికి కళ్లు తెరిచింది. మర్నాడు ఇంటికి తెచ్చాం. కిటికీ పక్కన మంచం వేశాం. మా ఆవిడ రెండు రోజులూ అక్కడే ఉంది. రెండోరోజు మధ్యాహ్నం ఆంటీ నా చేయి పట్టుకుని, వినపడీ వినపడకుండా, "వాళ్లకేం చెప్పావు?" అంది. చెప్పాను, తల ఊపిన సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. పెదవి కొంచెం విచ్చుకుంది. "మనం వెళ్లింది చెప్పు" అంది. లైసెన్స్ వచ్చాక ఇద్దరం ఎగిరిన పొద్దు గురించి.

మొదలుపెట్టాను. "పొద్దుగాల ఆరింటికి పోయినం ఆంటీ. మీరు విమానం చుట్టూ తిరిగి చక్రాలు తట్టిన్రు."

"ఊ" అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అన్నాళ్లలో ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు.

"మీరు కుడి సీట్ల కూసున్నరు. చేతులు ఒళ్లె పెట్టుకున్నరు, దేన్నీ ముట్టలే."

"ఊ."

"టవర్ వాళ్లు పొమ్మన్నరు. నేను తిరిగి చెప్పిన. లేచినం. కాలువలు దాటినం, తూర్పుకి కొండల మీదికి పోయినం, ఎండ అప్పుడే పడుతున్నది. మీరు ఒక్క మాట మాట్లాడలే, కిటికీకి నుదురు ఆనించి కిందికి చూస్తనే ఉన్నరు."

"ఊ."

"కొండలు దాటినంక వెనక్కి తిప్పిన. గాలి కొడుతున్నది పక్కకెళ్లి. ముక్కు ఎగువకి పెట్టిన, మీ రేవుల పడవ లెక్క."

ఊ రాలేదు.

మా ఆవిడ నా భుజం మీద చేయి వేసింది. నేను చెప్పడం ఆపలేదు. రన్‌వే కనబడ్డది ఆంటీ, దిగుమన్నరు, ఏ రన్‌వేనో తిరిగి చెప్పిన, మెల్లగా ముక్కు దించిన, చక్రాలు తగిలినయ్, బ్రేక్ కొట్టిన, పక్కకి తీసుకొచ్చి ఆపిన. ఇంజన్ ఆపేదాకా అంతా చెప్పాను.